ఎర్ర మూత, నీలం మూత: తుక్కుగూడ మార్పు చేపల దగ్గర నాలుగు రోజులు

కాకినాడ నుంచి శంషాబాద్ వైపు వెళ్లేవాళ్లు మామూలుగా విమానం ఎక్కడానికి వెళ్తారు. నేను వెళ్లింది నా పదకొండు నెలల కూతురు తన్విని పగలంతా ఎవరి చేతుల్లో పెట్టవచ్చో చూసుకోవడానికి.

విమానాశ్రయం పక్కన సరుకులు పంపే ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. మా ఆయన ఓడ మీద పనిచేస్తారు, ఏడాదిలో సగం సముద్రంలోనే ఉంటారు. మా చెల్లెలు సునీత అత్తవారిల్లు తుక్కుగూడ అవతల. వాళ్లు తొట్లలో మార్పు చేపలు పెంచి, పిల్లలు తీయించి, రైతులకు అమ్ముతారు. "మా ఇంట్లోనే ఉండు అక్కా, తన్విని మా అత్తమ్మ చూసుకుంటుంది. వచ్చి నాలుగు రోజులు ఉండి చూడు, నచ్చితేనే" అంది సునీత. నచ్చడం సంగతి తర్వాత, నమ్మడం ఎలాగా అన్నదే నా బెంగ. తన్వి పుట్టినప్పటి నుంచి పాలసీసా దగ్గర్నుంచి పక్కింటివాళ్లు ఇచ్చిన బొమ్మ దాకా అన్నిటినీ ముక్కు దగ్గర పెట్టుకుని చూడడం నాకు అలవాటైపోయింది.

ఆరాంఘర్

బస్సు దిగేసరికి వాన వెలిసి రోడ్డంతా బురద. ఆటో అతను నాలుగు వందలు అడిగాడు, మూడు వందల యాభైకి వచ్చాడు. అంత తొందరగా తగ్గాడేమిటని అదో అనుమానం.

"ఏడికి అక్కా, తుక్కుగూడల?"

"దాటాక, చేపల తొట్లున్న చోటు."

"కొర్రమీనా, మార్పులా?"

"మార్పులు."

అద్దంలోంచి నన్నూ పిల్లనూ చూశాడు. "జర పైలం అక్కా. నాటు మార్పు వేరే, ఆఫ్రికా మార్పు వేరే. అది సర్కార్ బంద్ పెట్టింది. కోడి పేగులేసి పెంచుతరు. రాత్రికి రాత్రి లారీల ఎక్కిస్తరు."

"మీరు చూశారా?"

"నేనెందుకు చూస్త? మా తమ్ముడు చెప్పిండు. వాడు గూడ చూడలే."

చూడనివాళ్లు చెప్పిన మాటే నాకు ఎక్కువ పట్టుకుంటుంది. దారి పొడుగునా సునీత భర్త, మా మరిది శ్రీశైలం ముఖం గుర్తు తెచ్చుకుని, అతను అలాంటివాడా కాదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

గగన్‌పహాడ్

ఫ్యాక్టరీ గోడల మధ్య ఒక చాయ్ బండి దగ్గర పిల్ల పాలపొడికి వేడినీళ్ల కోసం ఆగాం. చాయ్ పదిహేను రూపాయలు. మా ఊళ్లో పన్నెండే, కానీ మా టీలో ఇంత పాలు ఉండవు. బండామె గిన్నెలో నీళ్లు పెట్టింది. మరిగాయి. ఇంకాసేపు ఉంచమన్నాను. ఉంచింది. ఇంకొంచెం అన్నాను.

"ఇంకెంత మరగాలె బిడ్డా? మరిగింది మరిగిందే గదా" అంది.

డబ్బులిస్తే వేడినీళ్లకు తీసుకోలేదు. "పసిపిల్ల నీళ్లకు పైసలా" అని చెయ్యి వెనక్కి నెట్టింది. మా వైపు అయితే ఐదు రూపాయలు అడిగేవారు, నేను ఇచ్చేసి నిశ్చింతగా ఉండేదాన్ని. ఊరికే ఇచ్చిన నీళ్లు కదా, ఎక్కడి నీళ్లో అని అవి పారబోసి ఆటోలో నా సీసాలోని చల్లారిన నీళ్లే వాడాను. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

తుక్కుగూడ, మొదటి రోజు

ఇంటి వెనక రేకుల షెడ్డు, దాని కింద సిమెంటు తొట్లు. మార్పు అంటే మీసాలుండే నల్లటి చేప, నీళ్ల పైకి వచ్చి గాలి కూడా మింగి వెళ్తుంది. కాళ్లు కడుక్కోకముందే అడిగేశాను, "ఇవి బందు పెట్టినవి కావు కదా?" అని.

సునీతకు కోపం వచ్చింది. శ్రీశైలం మాత్రం నవ్వి, ఒక చేపను తడిగుడ్డలో పట్టుకుని తల వెనక ఎముక చూపించాడు. "మనదానికి ఈడ ఒక్కటే మొన గుండ్రంగ ఉంటది వదినా. దానికి వంకర్లుంటయ్. చెయ్యి పెట్టి చూడు." పెట్టి చూశాను. ఒక్కటే మొన.

శ్రీశైలం తల్లి యాదమ్మ తన్వి కోసం చేతులు చాపింది. పిల్ల వెంటనే వెళ్లిపోయింది. అంత వెంటనే వెళ్లడం నాకు నచ్చలేదు.

"బాగున్నారా అత్తయ్యగారూ" అన్నాను.

"గారు గీరు ఎందుకు బిడ్డా, నేనేమన్న ఆఫీసరమ్మనా?" అంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు, కోడిగుడ్డు కూర. తింటూ బాలింతల మాట వచ్చింది. కాన్పయ్యాక మా అమ్మ నాకు నెల రోజులు సొరపిట్టు పెట్టిందని, అది తింటే పాలు పడతాయని మా వైపు నమ్మకమని చెప్పాను. యాదమ్మ ముఖం చిట్లించింది.

"పచ్చి బాలింతకు చేపనా? మా ఇంట్ల ఎల్లిగడ్డ కారం, మెంతులు, నువ్వులు. నేను, మా తోడికోడలు ఒక్క నెలల్నే కన్నం. మా అత్త ఒక్క గిన్నెల వండేది, రెండు తలెలల్ల సగం సగం పెట్టేది. ఒక్క ఇంట్ల ఇద్దరు బాలింతలుంటే ఒక్క తీరుగనే పెట్టాలె. లేకుంటే ఒకామె కండ్లు ఇంకొకామె కంచంలనే ఉంటయ్."

సాయంత్రం శ్రీశైలం తల్లిచేపల తొట్లు చూపించాడు. ఈ రెండు తొట్ల మీదే ఈ ఏడాది వాళ్ల ఆశంతా. మార్పు ఏడాదికోసారి, వానాకాలంలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు బాగుండాలంటే తల్లి తిండిలో నూనె ఉండాలి. ఇన్నేళ్లూ చేప నూనె కలిపేవారు. అది సముద్రపు ఊళ్ల నుంచి రావాలి, ధర ఏడాదికేడాది పెరుగుతోంది, పైగా కల్తీ. అందుకని శివరాత్రి నుంచి ఒక తొట్టిలో తల్లులకు మామూలుగా చేప నూనె ముద్ద, రెండో తొట్టిలో తల్లులకు గానుగలో ఆడించిన అవిసె నూనె ముద్ద పెడుతున్నారు. ఎర్ర మూత బకెట్ చేప నూనెది, నీలం మూత బకెట్ అవిసె నూనెది.

"చేపకు గింజల నూనె ఏం సరిపోతుంది?" అన్నాను.

"సముద్రం చేపలకైతే సరిపోదంటరు వదినా. ఇవి మంచినీళ్లల్ల చేపలు. అవిసె నూనె తిన్నా లోపల దాన్ని కొంత తమకు కావల్సిన తీరుగ మార్చుకుంటయట. ఎంత మార్చుకుంటయో, గుడ్డుకు సాలుతదో లేదో, గదే చూస్తున్నం. రెండు తొట్లల్ల ఒక్క తీరుగ పిల్లలైతే చేప నూనె మొత్తం బంద్."

"కాకపోతే?"

"కాకపోతే సగం పిల్లలు పోయినట్టే. కౌలు కట్టుడు కష్టమైతది" అన్నాడు, తొట్టి వైపు చూస్తూ.

నేను రెండు మూతలూ తీసి వాసన చూశాను. కవళ్లనే సముద్రపు చేపలు ఉడికించి నూనె తీసే చోటు మా ఊరి చివరే ఉంది, ఆ గాలి పీల్చి పెరిగినదాన్ని. ఎర్ర బకెట్లో ఆ వాసన ఉంది. నీలం బకెట్లోనూ ఉంది.

"రెండూ ఒకేలా ఉన్నాయే" అన్నాను.

"అవిసె నూనె జర పాతబడితె గది గూడ నీసు వాసనే కొడ్తది వదినా."

నిజమే కావచ్చు. కానీ చెప్పేటప్పుడు అతను నా వైపు చూడలేదు. అవిసె నూనె కొన్నానని సునీతకు చెప్పి కొనలేదేమో, ఆ డబ్బు ఇంకెక్కడ పెట్టాడో అని నా బుర్ర అటు తిరిగింది. మరో గంటలో షెడ్డు మూలన అవిసె నూనె డబ్బాలు చూశాను. సగం పైన ఖాళీ. కొన్నాడు, వాడుతున్నారు కూడా. మరి వాసన?

విమానాశ్రయం, రెండో రోజు

ఆఫీసు చూడ్డానికి వెళ్లాను. తన్వి పుట్టాక ఆమెను వదిలి గంట కంటే ఎక్కువ ఉండడం అదే మొదటిసారి. లోపల ఒక దోసె ధరకు మా ఊళ్లో ఇంటిల్లిపాదీ టిఫిన్ చేయవచ్చు, కాబట్టి తినలేదు. నాకు పని చూపించిన అమ్మాయి శంషాబాద్ ఊళ్లోనే పుట్టిందట. వాళ్ల పెరట్లోంచి పైకి లేచే విమానం పొట్ట కింద చక్రాలు కనిపిస్తాయని, వాళ్ల పాప నిద్రపుచ్చాలంటే ఆ చప్పుడు ఉండాల్సిందేనని చెప్పింది.

"పాపను ఎవరు చూస్తారు?" అని అడిగాను.

"మా అత్త. మొదట్ల రోజుకు ఇరవై ఫోన్లు చేస్తుంటి. ఫోన్ ఎత్తుడు బంద్ చేసింది. ఇగ నేనే ఆపిన."

నేను అప్పటికి ఆరు చేశాను.

తిరిగి వచ్చేసరికి తన్వి చాప మీద కూర్చుని ఉంది, పక్కన సునీత మూడేళ్ల కూతురు శ్లోక. తన్వి పెదాల మీద ఏదో నల్లగా జిగురుగా ఉంది. వేలితో తీసి వాసన చూశాను. నువ్వులు, బెల్లం.

"ఏం పెట్టారు దీనికి?"

యాదమ్మ రోలు దగ్గర్నుంచే చెప్పింది. "నువ్వుల ముద్ద. మెత్తగ నూరి నాలుక మీద రాసిన, అంతే. శ్లోక తింటుంటె ఇది సూస్తున్నది బిడ్డా. ఒక్క పిల్లకు పెట్టి ఒక్క పిల్లను సూడుమంటే ఎట్ల?"

"నాకు చెప్పి పెట్టాల్సింది."

"నువ్వు ఏర్‌పోట్ల ఉంటివి."

పిల్ల ఒళ్లంతా దద్దుర్లేమైనా వస్తాయేమోనని చూస్తూ కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఈ ఇంట్లో ఉంచకూడదని మాత్రం సగం నిర్ణయించుకున్నాను.

ఆ సాయంత్రమే రెండు తొట్ల తల్లులకూ సూదిమందు ఇచ్చారు. ఇక మర్నాడు గుడ్లు.

మూడో రోజు

తెల్లవారగానే తన్వి లేచింది. దాన్ని ఎత్తుకుని షెడ్డు వైపు నడిచాను. యాదమ్మ పీట మీద కూర్చుని, ఆ రెండు తొట్లలో సూదిమందు వేయని మిగతా చేపలకు ఆ రోజు ముద్ద కలుపుతోంది. తవుడు, పల్లిచెక్క, ఎండుచేపల పొడి రెండు గిన్నెల్లో వేసి ఉన్నాయి. ఒకదాంట్లో చేప నూనె గరిటతో కొలిచి పోసింది. రెండో దాంట్లో అవిసె నూనె అంతే కొలిచి పోసింది. రెండూ వేరువేరుగా బాగా పిసికింది. ఇంతవరకూ వాళ్లు చెప్పినట్టే.

తర్వాత పెద్ద బేసిన్ ముందుకు లాక్కుంది. రెండు ముద్దలూ అందులో వేసి, మోచేతుల దాకా పెట్టి ఒకటిగా కలిపింది. చేత్తో మధ్యలో గీత గీసి రెండు సగాలు చేసింది. ఒక సగం ఎర్ర మూత బకెట్లోకి, ఒక సగం నీలం మూత బకెట్లోకి.

నేను షెడ్డు స్తంభం వెనకే నిలబడిపోయాను. శివరాత్రి నుంచి ఇదే జరుగుతోందన్నమాట. రెండు తొట్ల తల్లులూ ఒకే తిండి తింటున్నాయి. తేడా చూద్దామనుకున్న వాళ్లకు చూడ్డానికి ఏ తేడా లేదు.

చెప్పాలి. కానీ చెబితే ఈమె మీద ఇల్లంతా లేస్తుంది. నా పిల్లను చూసుకోమని అడగడానికి వచ్చి, ఆమెనే పట్టించినదాన్నవుతాను. పైగా ఎందుకు చేస్తోందో తెలియదు. చాటుగా చేపలకు ఇలా కలిపే మనిషి నా పిల్ల నోట్లో రేపు ఏం పెడుతుందో అన్న భయమూ ఉంది. నేను చప్పుడు చేయకుండా లోపలికి వచ్చేశాను.

పొద్దెక్కాక గుడ్లు తీశారు. తల్లిచేపను తడిగుడ్డలో పట్టుకుని పొట్ట మీద నిమిరితే, ఆకుపచ్చ గోధుమరంగు గుడ్లు గిన్నెలోకి జారాయి. మగచేపను మాత్రం కోయాల్సిందే, అది నేను చూడలేదు. గుడ్లకు బీజం కలిపి, పారే నీళ్లలో పళ్లేల మీద పలుచగా పరిచారు. చెడ్డ గుడ్డు తెల్లబడుతుందట. మంచిది మర్నాటికి పిల్ల అవుతుంది. ఎర్ర తొట్టి పళ్లేలు ఒక వరుస, నీలం తొట్టి పళ్లేలు ఒక వరుస. ఆ రోజంతా సునీత అన్నం తినలేదు. గంటకోసారి వంగి తెల్లగుడ్లు చూసి వచ్చేది.

"నీకేమైంది అక్కా, నువ్వూ తినలేదు" అంది.

"వేడి చేసింది" అన్నాను.

నాలుగో రోజు

తెల్లారి పళ్లేల కింద సన్నటి తోకలు కదిలాయి. రెండు వరుసల్లోనూ. సునీత ఒక్కో పళ్లెంలో ఒక మూల గడి గీసి తెల్లగుడ్లు లెక్కపెట్టింది. రెండు వరుసలకూ ఒకటీ రెండూ తేడా. పోయినేడాదిలాగే ఉంది, తక్కువ కాలేదు. ఆమె అక్కడే నేల మీద కూలబడి నా చెయ్యి పట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు.

శ్రీశైలం ఫోన్ తీశాడు. "చేప నూనె సేటుకు ఇగ వద్దని చెప్పేస్త. గానుగాయనకు వచ్చే ఏటికి డ్రమ్ము చెప్త. మా దోస్తులు ఇద్దరు అడుగుతున్నరు, వాళ్లకు గూడ చెప్త, అవిసె నూనె ఒక్కటే సాలని."

ఇద్దరు దోస్తులు అనగానే నేను ఆగలేకపోయాను.

"ఆగండి. ముందు అత్తయ్యగారిని ఒక మాట అడగాలి." నా గొంతు నాకే దొంగదానిలా వినిపించింది. "అత్తయ్యగారూ, ముద్ద ఎలా కలుపుతారో ఒకసారి చెప్పండి."

తన్విని చంకనేసుకుని ఉన్న యాదమ్మ కొంచెం కూడా తడబడలేదు. "చెప్పినట్టే. గిది ఒక ముద్ద, గది ఒక ముద్ద. ఎన్క రెండు కలిపి చెరి సగం చేస్త."

"కలిపి?" అన్నాడు శ్రీశైలం.

"మరి? ఒక్క ఇంట్ల రెండు తొట్లు. అన్ని బాలింతలు కాబోయెటివే. ఒక దిక్కు మంచి నూనె, ఒక దిక్కు కొత్త నూనె. ఏది మంచిదో మీకే తెల్వదంటిరి. తెల్వనప్పుడు ఒక్కదానికే పెడ్తరా? ఎటుపోయి రెండిటికి సగం సగం అందాలె."

"అమ్మా, మాకు చెప్పకుండనా?"

"దాసిందేముందిరా? పొద్దుగాల షెడ్డులనే కలుపుతున్న, తలుపు గూడ లేదు. మీరెవ్వరు అడుగలే. ఈ పిల్ల అడిగింది, చెప్పిన."

శ్రీశైలం ఫోన్ జేబులో పెట్టుకుని తొట్టి గోడ మీద కూర్చున్నాడు. సునీత ఇంట్లోకి వెళ్లిపోయింది. శ్రీశైలమే తల గోక్కుంటూ అన్నాడు, "అంటే సగం చేప నూనె తోని నడిచినట్టే గదా. పోయినేడు మొత్తం పోసినం, ఇంతే వచ్చినయ్."

"సగం కొనుడు తగ్గింది గదరా" అంది యాదమ్మ. "తిట్టేది ఏమున్నది?"

"నేనెక్కడ తిట్టిన అమ్మా. ఊకె కూసున్న."

అవిసె నూనె ఒక్కటే చాలుతుందో లేదో తెలియాలంటే మళ్లీ వచ్చే వానాకాలం దాకా ఆగాలి. దోస్తులకు సగం సగం మాటే చెబుతానన్నాడు. మధ్యాహ్నం సునీత బయటికి వచ్చి అత్తగారికి అన్నం వడ్డించింది. "ఈసారి మాత్రం ఎర్రది నేను కలుపుతా, నీలంది మీరు కలపండి. మధ్యలో ఆ బేసిన్ ఉండొద్దు" అంది. యాదమ్మ బేసిన్‌ను తెచ్చి తన్విని అందులో కూర్చోబెట్టి నీళ్లు పోసింది. నీళ్లు పోసే ముందు నా వైపు చూసి, "పొయ్యాల్నా?" అని అడిగింది. నేను నీళ్లలో చెయ్యి పెట్టి చూసి పొయ్యమన్నాను.

బయల్దేరేటప్పుడు ఆమెతో విడిగా చెప్పాను. "తన్వి నోట్లో ఏది పెట్టినా ముందు నాకు చెప్పాలి అత్తయ్యగారూ."

"ఫోన్ల చెప్పాల్నా?"

"ఫోన్‌లో."

"నువ్వు వద్దంటే?"

"పెట్టకూడదు."

"సరే. అట్లయితే శ్లోకకు గూడ పెట్ట. రెండిటికి ఒక్కటే తీరు."

కాకినాడ

వచ్చి వారమైంది. తన్వి పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో చేరే కాగితం బల్ల మీద మూడు రోజులు అలాగే ఉంది. ఆ ఇంటి నీళ్లు, అడ్డుగోడ లేని తొట్లు, నెత్తి మీద విమానాలు, అన్నీ తలుచుకున్నాను. యాదమ్మ చెప్పకుండా చేస్తుంది. కానీ అడిగితే దాచదు. సొంత మనవరాలికి పెట్టనిది నా పిల్లకు పెట్టదు, మనవరాలికి పెట్టింది నా పిల్లకు తగ్గించదు. నా ముక్కుకు దొరికినదంతా ఇంతే.

మొన్న పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. "బిడ్డా, ఇయ్యాల ముద్దలు కలుపలే. ఎర్రది ఎర్రదాంట్లనే, నీలంది నీలందాంట్లనే. మనసున పడ్తలేదు గని, కలుపలే. నీకు చెప్పుదామని." ఆగి, "తుక్కుగూడ సంతల రెండు గిన్నెలు కొన్న, ఒకటి శ్లోకకు, ఒకటి మీదానికి. రెండు ఒక్కతీరువే" అంది.

ఆ సాయంత్రం కాగితం మీద సంతకం పెట్టి పంపాను. తర్వాత యాదమ్మకు ఫోన్ చేసి, ఆ గిన్నెల్లో పొద్దున ఏం పెడతారో, మధ్యాహ్నం ఏం పెడతారో, దాంట్లో ఏ నూనె వేస్తారో ఒక్కొక్కటీ చెప్పమన్నాను. ఆమె విసుక్కోకుండా చెబుతూ ఉంది. నేను రాసుకున్నాను.